శాలువా కప్పిన సిలిండరు

గురువారం పొద్దున కాటాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, మిగిలిన వేడినీళ్ళలో సిలిండరును కాసేపు కూర్చోబెట్టాలి. అది వెచ్చబడ్డాక కిందికి తీసుకెళ్ళి బండికి బిగించి, వీధి చివరిదాకా ఒక్కసారి నడిపి చూసి, ఏమీ ఎరగనట్టు ఆఫీసుకు వెళ్ళిపోవాలి. ఎవరి కంటా పడకూడదు. యాభై నాలుగేళ్ళ మనిషి, తలకు రంగైనా వేసుకోని మనిషి, పందేల కుర్రాళ్ళు వాడే గ్యాసును తన పాత మోటారుసైకిలుకు పెట్టించాడని తెలిస్తే నలుగురూ ఏమనుకుంటారు?

కాటాలాయన అసలు పేరు ఆ మేడలో ఎవరికీ గుర్తు లేదు. ఆయనది తూనికలు కొలతల ఆఫీసులో ఉద్యోగం. దుకాణాల కాటాలు సరిగ్గా తూగుతున్నాయో లేదో చూసి ముద్ర వేయడం ఆయన పని. ఆఫీసులో ఉన్న ఇత్తడి తూకపురాళ్ళను ఆయన చేత్తో ముట్టుకోడు. చేతి చెమట అంటినా బరువు మారుతుందని పట్టకారుతో ఎత్తి, మెత్తటి తోలుగుడ్డతో తుడిచి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పెట్టెలో పడుకోబెడతాడు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క తప్పుడు ముద్ర వేసి ఎరగడు. నాలుగేళ్ళ కిందట భార్య పోయింది. పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఆయన మాట్లాడేది దేవుడితోనే, అదీ పొద్దున పూట. దేవుడు ఓపికగా వినేవాడే కాని, తిరిగి ఏమీ అనేవాడు కాదు.

రెండేళ్ళ కిందట ఎవరో చెబితే ఆదివారం బండ్ల బృందంలో చేరాడు. ఎనిమిది మంది. నాయకుడు బడిలో డ్రిల్లు మాస్టారు. ప్రతి ఆదివారం పొద్దున బడి గేటు దగ్గర ఆయన ఈల ఊదగానే అందరూ బయల్దేరి, ఎత్తురోడ్డు ఎక్కి దిగి, అవతల ఉన్న టీకొట్టు దగ్గర ఆగుతారు. టీ తాగి, కబుర్లాడుకుని తిరిగి వస్తారు. కాటాలాయన చేరింది ఆ కబుర్ల కోసమే. అయితే ఆయన బండి ఆ ఎత్తు దగ్గర రొప్పుతుంది. మిగతా ఏడుగురూ ముందు చిన్నవై, తర్వాత ఎర్రటి చుక్కలై, చివరికి ఏమీ కాకుండా పోతారు. ఈయన టీకొట్టు చేరేసరికి వాళ్ళు హెల్మెట్లు పెట్టుకుంటూ ఉంటారు.

"వచ్చేశారా, మంచిది. మీరు నిదానంగా తాగి రండి. మాకు పనులున్నాయి" అంటాడు డ్రిల్లు మాస్టారు.

రెండేళ్ళుగా కాటాలాయన ఆ బల్ల మీద ఒక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు. ఎదురుగా ఏడు ఖాళీ గ్లాసులు. ఆయన కొలతల మనిషి కాబట్టి గడియారం చూసి కొలిచాడు కూడా. పదకొండు నిమిషాలు. మనుషులకూ తనకూ మధ్య ఉన్న దూరం సరిగ్గా పదకొండు నిమిషాలు.

"ఈ బండికా సార్?" అన్నాడు మెకానిక్కు బుధవారం నాడు, ఆయన అడిగింది విని. "ఈ పిస్టన్ వయసు నా వయసంత ఉంటుంది."

"ఎత్తు దగ్గర కాస్త ఊపు చాలు. వాళ్ళ వెనక లైట్లు కనబడుతూ ఉంటే చాలు నాకు."

మెకానిక్కు కాసేపు ఆయన ముఖం చూసి, ఇక వాదించలేదు. పెట్రోలుతోపాటు ఈ గ్యాసు కూడా ఇంజనులోకి పోతే లోపల మంటకు ఊపిరి ఎక్కువ దొరుకుతుందని, మంట పెరిగితే లాగుడు పెరుగుతుందని చెప్పాడు. చలికి గ్యాసు ముడుచుకుంటుందని, అప్పుడు ఒత్తిడి చాలదని చెప్పాడు. "సిలిండరు గోరువెచ్చగా ఉండాలి సార్. పసిపిల్లకు పోసే నీళ్ళంత వేడి. మంట దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి. బటన్ పది సెకన్లకు మించి నొక్కకండి. మించితే పిస్టన్ కరుగుతుంది." ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, పక్కన బండి బొమ్మ గీసి, గొట్టం ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో బాణం గుర్తులు కూడా పెట్టి ఇచ్చాడు. ఎర్రబటన్‌ను హారన్‌కు దూరంగా పెడతానంటే కాటాలాయనే ఒప్పుకోలేదు. తన బొటనవేలికి అలవాటైన చోటు అదొక్కటేనన్నాడు. సిలిండరు వెనక సీటు మీద కూర్చుంది. భార్య కూర్చునే చోటు అది. ఆ చోట ఏదో ఒకటి ఉందంటే, ఎందుకో ఆయనకు బండి నడక కుదురుగా అనిపించింది.

కాబట్టి గురువారం పొద్దున, వేడినీళ్ళలోంచి తీసిన సిలిండరును భార్య ఊలు శాలువాలో చుట్టి, రెండు చేతులా గుండెలకు ఆనించుకుని, మెట్లు దిగుతున్నాడు. నీళ్ళు మోసి మోసి ఉన్నాడేమో, ఆయాసపడుతున్నాడు. మెట్ల మలుపులో పాలపాకెట్లతో ఎదురింటావిడ ఎదురైంది. సరిగ్గా అప్పుడే శాలువా జారి సిలిండరు మెడ, దాని మీద ఒత్తిడి చూపే ముల్లు, వేలాడే గొట్టం బయటపడ్డాయి.

"అన్నయ్యగారూ, ఏంటండీ అది?"

కాటాలాయనకు అబద్ధం రాదు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. "సిలిండరమ్మా" అన్నాడు, ఊపిరి తీసుకుంటూ.

ఆవిడ ముఖం మారింది. "ఎన్నాళ్ళనుంచి?"

"నిన్ననే పెట్టించాను."

"మాకు మాటమాత్రం చెప్పలేదే."

"చెప్పుకునే సంగతి కాదు కదమ్మా. మీరూ దయచేసి ఎవరికీ చెప్పకండి."

ఆ చివరి మాట అనకుండా ఉంటే బాగుండేది. ఎవరికీ చెప్పకండి అన్న సంగతిని మనిషి ఎంతసేపని ఒంటరిగా మోయగలడు? ఆవిడ ముందు సిలిండరు లాక్కుంది. ఆయన్ను వెనక్కి తిప్పి మెట్లెక్కించింది. మంచం మీద కూర్చోబెట్టి, సిలిండరును పక్కన పెట్టి, దాని మీద శాలువా కప్పి, కిటికీ తెరిచింది.

"అమ్మా, అది నాకు కాదు..."

"మాట్లాడకండి. మాట్లాడితే ఆయాసం ఇంకా పెరుగుతుంది. మా నాన్నగారికి ఆక్సిజన్ పెట్టి చేశాను, నాకు తెలుసు."

పది నిమిషాల తర్వాత వేడిపాలు వచ్చాయి. అరగంట తర్వాత కింది వాటాలో, పక్క వాటాలో, నాలుగేళ్ళుగా గోడలు అదిరేలా మోగుతున్న టీవీలు ఒక్కొక్కటిగా గొంతు తగ్గించుకున్నాయి. కాటాలాయన పాలగ్లాసు పట్టుకుని ఆ నిశ్శబ్దం వింటూ కూర్చున్నాడు. తనున్నాడని ఈ గోడలకు తెలిసిన మొదటి రోజది.

ఎదురింటావిడ భర్త కాటాలాయన ఆఫీసులోనే జీపు డ్రైవరు. ఈయన ఆఫీసు చేరేసరికి సంగతి ఈయనకంటే ముందే చేరి కుర్చీలో కూర్చుని ఉంది. ఇరవై కిలోల ఇనుపరాళ్ళు ఎత్తే పని ఇంకొకరికి మారింది. ఆఫీసరుగారు స్వయంగా లేచి వచ్చారు.

"మీరు కిటికీ పక్కన కూర్చోండి. గాలి బాగా ఆడుతుంది. ముద్రలు మా వాళ్ళు వేస్తారు, మీరు చూస్తూ ఉంటే చాలు."

"సార్, ఒక చిన్న సంగతి చెప్పాలి..."

"ఊపిరి దాచుకోండి. సంగతులకేం, రేపు కూడా ఉంటాయి."

మధ్యాహ్నం అంతకన్నా విచిత్రం జరిగింది. రోజూ ఆయన స్టోరు గదిలో, తూకపురాళ్ళ పెట్టెల మధ్య ఒక్కడే టిఫిన్ డబ్బా విప్పుకుంటాడు. ఆ రోజు ఆరుగురు తమ డబ్బాలు తెచ్చుకుని ఆయన చుట్టూ కూర్చున్నారు. ఒకాయన తన కూతురి చదువు గురించి చెప్పాడు. ఇంకొకాయన ఆఫీసరుగారి నడకను అనుకరించి చూపించాడు. కాటాలాయన నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. ఆరుగురూ ఒకేసారి లేచి నీళ్ళు అందించారు.

ఆ సాయంత్రం దేవుడి ముందు నిలబడి లెక్క చెప్పుకున్నాడు. నేనొక్క అబద్ధమైనా ఆడానా స్వామీ? సిలిండరన్నాను, సిలిండరే. నిన్న పెట్టించానన్నాను, నిన్నే. అంతలో తన పనే గుర్తొచ్చింది. కాటా పళ్ళెం అడుగున మైనం ముద్ద అంటించిన దుకాణదారు మాత్రం నోరు తెరిచి అబద్ధమాడతాడా? వాడూ ఊరుకుంటాడు, అంతే. అలాంటి కాటాలు ఎన్నింటిని తను పట్టుకోలేదు? రేపు చెప్పేయాలి, తప్పదు, అనుకున్నాడు. అయినా రేపు మధ్యాహ్నం ఆ ఆరుగురూ మళ్ళీ వస్తారేమో. భోజనమయ్యాక చెబుదాం.

శుక్రవారం పొద్దున తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే చెల్లెలు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చింది. చేతిలో సంచి, కళ్ళలో నీళ్ళు. వదిన సంవత్సరీకం తర్వాత ఆమె ఈ గడప తొక్కలేదు. ఫోన్లు కూడా నెలకొకటయ్యాయి. తగువేమీ లేదు. ఎవరి సంసారం వాళ్ళది.

"ఎదురింటావిడ ఫోన్ చేయకపోతే నాకు తెలిసేదే కాదు. అంత పరాయిదాన్నయ్యానా అన్నయ్యా?"

"అది కాదమ్మా, నువ్వనుకున్నంత ఏమీ లేదు..."

"అవును, లేదు. పక్కన సిలిండరు పెట్టుకుని పడుకుని, ఏమీ లేదంటావు. మాస్కేది?"

"మాస్కు లేదు."

"మాస్కు లేకుండా ఎలా పీలుస్తావు?"

"పీల్చనమ్మా."

"మొండితనం. నాన్న పోలికే." ఆమె కొంగు బిగించి, ఇల్లంతా ఒకసారి చూసింది. చెంబుల మీద దుమ్ము, తాడు మీద మూడు రోజుల నాటి చొక్కాలు. "నువ్వు ఆఫీసుకెళ్ళిరా. నేను సర్దుతాను. మాస్కు ఏ సొరుగులోనో పడేసి ఉంటావు, వెతుకుతాను."

ఆయన నోరు తెరిచాడు. ఆమె అప్పటికే ఆయన చొక్కాలు మడతపెడుతోంది, చిన్నప్పటిలాగే, చేతులు లోపలికి మడిచి. ఆ మడత చూసి ఆయన నోరు మూసుకున్నాడు.

సాయంత్రం వచ్చేసరికి ఇల్లు తళతళలాడుతోంది. వంటింట్లోంచి వాసన వస్తోంది. చెల్లెలు మాస్కు ఊసెత్తలేదు. చలిగాలి మొదలవగానే తనంతట తానే కిటికీ మూసి, శాలువా తీసుకుని సిలిండరు చుట్టూ బాగా చుట్టింది. అలా చుట్టమని ఆమెకు ఎవరు చెప్పారో ఆయన అడగలేదు. పీట వేసి ఎదురుగా కూర్చుని, చిన్నప్పుడు తమ్ముడు చెట్టెక్కి పడ్డ సంగతి, నాన్న గొడుగు పోయిన సంగతి చెబుతూ వడ్డించింది. ఆయన రెండోసారి పెట్టించుకున్నాడు. చెప్పడం కుదరలేదు.

జీపు డ్రైవరు నోట సంగతి విని, శనివారం మధ్యాహ్నం బృందం మొత్తం వచ్చింది. ఏడుగురూ హెల్మెట్లు చంకలో పెట్టుకుని, ఒక్క కుర్చీ ఉన్న గదిలో నేల మీద వరసగా కూర్చున్నారు. అంతకుముందు వాళ్ళలో ఒక్కరూ ఆ ఇంటి మెట్లెక్కలేదు. డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"చూడండి. రెండేళ్ళుగా మిమ్మల్ని వెనక వదిలేసి పోతున్నాం. ఊపిరాడక వెనకబడుతున్నారని మాకేం తెలుసు? బండి తప్పనుకున్నాం. మా అందరికీ సిగ్గుగా ఉంది."

"మాస్టారూ, నేనొక్క మాట..."

"ఒక్క మాట కూడా వద్దు. రేపు మీరు ముందు, మేం వెనక. మీరెంత మెల్లగా వెళ్తే మేమూ అంతే. అందరం కలిసే టీ తాగుతాం. ఇది నా ఆర్డరు."

వాళ్ళలో కళ్ళద్దాల షాపాయన కళ్ళు తుడుచుకున్నాడు. "మా ఆవిడ మీ కోసం రెండు రోజులుగా ప్రార్థన చేస్తోందండీ."

వాళ్ళు వెళ్ళాక కాటాలాయన దేవుడి ముందు కూర్చున్నాడు. ఇక ఆ గ్యాసు అక్కర్లేదు. పదకొండు నిమిషాలూ వాళ్ళే మాఫీ చేసేశారు. కానీ చేసింది జబ్బు మనిషికి. జబ్బు లేదని తెలిస్తే? దేవుడా, ఆ ఒక్క టీ తాగనివ్వు, అనుకున్నాడు. ఎనిమిది మందిమీ కలిసి, వేడిగా ఉండగా, ఒక్కసారి. గ్లాసు కింద పెట్టగానే నిజం చెప్పేస్తాను. ఇది బేరమని ఆయనకు తెలుసు. దేవుడితో బేరమాడటం తప్పని కూడా తెలుసు. కాని అడిగింది పెద్దదేం కాదు కదా.

ఆదివారం పొద్దున తయారై కిందికి దిగేసరికి చెల్లెలు బండి దగ్గరుంది. సిలిండరు వెనక సీటు మీద బిగించి ఉంది, శాలువాతో సహా. గొట్టం కూడా తగిలించి ఉంది. చెల్లెలు సిలిండరు మూత తిప్పి తెరిచిన చేయి కొంగుకు తుడుచుకుంటోంది.

"ఇదెందుకమ్మా ఇప్పుడు? ఇంట్లోనే ఉండనీ."

"ఇది లేకుండా నిన్ను పంపను."

"గొట్టం నువ్వే తగిలించావా?"

"రోజూ పొయ్యికి గ్యాసు బిగించేదాన్ని, ఈ మాత్రం చేతకాదా? చూసుకో, గట్టిగా ఉందో లేదో."

చూశాడు. ఆయన ముద్ర వేయదగినంత సరిగ్గా ఉంది. పోనీ, బటన్ నొక్కకపోతే సరి, అనుకుని బండెక్కాడు. ఎదురింటావిడ మెట్ల మీదినుంచి చేతులు జోడించింది. బడి గేటు దగ్గర ఈల మోగింది. ఈసారి మెల్లగా, పాఠశాలలో ఎవరైనా పోయినప్పుడు ఊదినట్టు.

కాటాలాయన జీవితంలో మొదటిసారి ముందున్నాడు. అద్దంలో చూసినప్పుడల్లా ఏడు దీపాలు. సైకిళ్ళు వాళ్ళను దాటిపోయాయి. ఒక ట్రాక్టరు దాటింది. ఎవరూ తొందరపడలేదు. ఎండ ఇంకా లేతగా ఉంది. ఇలా చచ్చేదాకా వెళ్తూ ఉండొచ్చుననిపించింది ఆయనకు.

ఎత్తురోడ్డు వచ్చింది. రెండేళ్ళ అలవాటు. మనసు వద్దన్నా మణికట్టు యాక్సిలరేటరును చివరిదాకా తిప్పేసింది. బండి ఎప్పటిలాగే రొప్పడం మొదలుపెట్టింది. సగం ఎత్తులో ఒక మేక రోడ్డు మధ్యకు వచ్చి నిలబడి, తీరిగ్గా ఈయన వైపు చూసింది. ఆయన బొటనవేలు హారన్ కోసం వెళ్ళింది. హారన్ నొక్కింది. దాని పక్కనున్నదాన్నీ నొక్కింది.

వెనకనుంచి ఎవరో రెండు చేతులతో నెట్టినట్టయింది. బండి ఇరవై ఏళ్ళలో చేయని చప్పుడు చేసింది. మేక ఎటు పోయిందో ఆయన చూడలేదు. చూడటానికి వీలు కూడా లేదు, కళ్ళలో నీళ్ళు. శాలువా ఒక కొస ఊడి రెక్కలా ఎగిరింది. భయంతో బిగుసుకున్న బొటనవేలు బటన్‌ను వదల్లేదు. వెనకనుంచి ఈల వినబడింది, ఒకసారి, రెండుసార్లు, ఆపైన చాలా దూరంనుంచి. అద్దంలో ఏడు దీపాలూ ముందు చిన్నవై, తర్వాత చుక్కలై, చివరికి ఏమీ కాకుండా పోయాయి.

పది సెకన్లయ్యాయి. పదిహేనయ్యాయి. ఇత్తడి పళ్ళెం రాతి మీద పడ్డట్టు లోపల ఏదో టంగుమంది. ఇంజను ఆగిపోయింది. అప్పటికి బండి ఎత్తు ఎక్కేసింది. తెల్లటి పొగ వదులుతూ, చప్పుడు లేకుండా, అవతలి పల్లం మీదుగా తనంతట తానే దొర్లుకుంటూ వెళ్ళి టీకొట్టు ముందు ఆగింది.

బల్ల ఖాళీగా ఉంది. గ్లాసులన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. టీకొట్టాయన ఈయన్ను చూసి, ఈయన వెనకనున్న రోడ్డును చూసి, మళ్ళీ ఈయన్ను చూశాడు. రెండేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య మాటలు నడిచిందే లేదు.

"మీవాళ్ళేరీ?"

ఆ జవాబు చెప్పే అవకాశం కాటాలాయనకు ఇంతకుముందెప్పుడూ రాలేదు.

"వస్తున్నారు" అన్నాడు. "నేనే కాస్త ముందొచ్చాను."

వాళ్ళు వచ్చారు. ఏడు బండ్లూ రొప్పుతూ వచ్చి ఆగాయి. డ్రిల్లు మాస్టారు దూకి దిగి పరుగెత్తాడు. "సిలిండరు పేలిందా? ఊపిరాడుతోందా? నీళ్ళు, నీళ్ళు తెండి."

"మాస్టారూ, నాకే జబ్బూ లేదు."

ఈసారి ఎవరూ ఆపలేదు కాబట్టి ఆయన అంతా చెప్పాడు. గ్యాసు, వేడినీళ్ళు, శాలువా, మెట్ల మలుపు, పదకొండు నిమిషాలు. చెప్పడం అయ్యేసరికి పొగ కూడా ఆగిపోయింది.

"అంటే మా ఆవిడ ఎవరికోసం ప్రార్థన చేసినట్టు?" అన్నాడు కళ్ళద్దాల షాపాయన.

డ్రిల్లు మాస్టారు ఈలను మెడలోంచి తీసి జేబులో వేసుకున్నాడు. అందరూ బల్ల మీద కూర్చున్నారు. టీ వచ్చింది. ఎనిమిది గ్లాసులు, ఒకే బల్ల మీద, పొగలు కక్కుతూ. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ఒక్క మాట లేదు. ఊదుకునే చప్పుడు, తాగే చప్పుడు, అంతే. దేవుడు అడిగింది అడిగినట్టే ఇచ్చాడు. మాటల సంగతి అడగడం తనే మరిచాడని కాటాలాయనకు అప్పుడు తెలిసింది. తాగిన టీలన్నిటిలోనూ ఒంటరి టీ అదే.

గ్లాసులు కింద పెట్టారు. హెల్మెట్లు పెట్టుకున్నారు. కాటాలాయన బండి దగ్గరికెళ్ళి కిక్ కొట్టాడు. కాలు నీళ్ళలో పడ్డట్టు కిందికి జారిపోయింది. ఇంకోసారి కొట్టాడు. ఏడుగురూ బండ్ల మీద కూర్చుని చూస్తున్నారు. కోపమొచ్చినా మనుషులు మనుషులే కదా. ఊరికి అంత దూరాన, చచ్చిన బండితో ఒకణ్ణి వదిలేసి పోవడం ఎవరికీ చేత కాలేదు.

"తాడుందా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు టీకొట్టాయనతో, ఈయన వైపు చూడకుండా.

మొదటి మూడు కిలోమీటర్లూ తాడు తప్ప వాళ్ళను కలిపింది ఏదీ లేదు. తర్వాత తాడు తెగింది. ముడి ఎలా వేయాలన్నదాని మీద కళ్ళద్దాల షాపాయనకూ డ్రిల్లు మాస్టారుకూ మాటామాటా వచ్చింది. మీరు కొలతల మనిషి, మీరే చెప్పండి తాడు ఎంత పొడుగుండాలో, అని ఎవరో ఈయన్నడిగారు. ఈయన కొలిచి చెప్పాడు. రెండోసారి తెగినప్పుడు, ముడి వేస్తూ వేస్తూ, కళ్ళద్దాల షాపాయన గొంతు తగ్గించి అడిగాడు.

"అది సరేగాని, ఆ బటన్ నొక్కినప్పుడు ఎలా ఉంటుందండీ?"

"ఎవరో వీపు మీద చేయి వేసి నెట్టినట్టుంటుంది."

"అబ్బ" అన్నాడాయన.

"మేక ముఖం చూశారా మీరు?" అన్నాడు ఇంకొకాయన. ఎవరో ఫక్కుమన్నారు. డ్రిల్లు మాస్టారు గట్టిగా దగ్గి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆ బృందం అంతసేపు కలిసి ప్రయాణం చేయడం అదే మొదటిసారి.

ఇంటి ముందు చెల్లెలు నిలబడి ఉంది. బండినీ, తాడునీ, మసిపట్టిన అన్నయ్యనూ చూసింది. ఆయన తల వంచుకున్నాడు.

"నీకో సంగతి చెప్పాలమ్మా. ఆ సిలిండరు..."

"బండిది. శుక్రవారం మధ్యాహ్నమే తెలుసు." ఆమె కొంగు కొసన కట్టిన కాగితం విప్పి ఆయన చేతిలో పెట్టింది. బండి బొమ్మ, బాణం గుర్తులు. "మాస్కు వెతికితే ఇది దొరికింది. గొట్టం ఎక్కడ బిగించాలో ఇందులో చూసే కదా బిగించాను. నీ ముచ్చటేదో తీరుతుందనుకున్నాను. ఇంజను కాలుస్తావని నాకేం తెలుసు?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆమె శాలువాకు అంటిన మసిని గోటితో గీకింది.

"చెబితే ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోవాలి కదన్నయ్యా. మా ఆయన పొద్దున పోతే రాత్రికి వస్తారు. పిల్లలు ఎవరి తలుపులు వాళ్ళు వేసుకుంటారు. ఎదురుగా కూర్చుని, నేను పెట్టింది నాలుగు మాటలు చెబుతూ తినే మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో తెలుసా? అన్నయ్యకు జబ్బంటే, ఎన్ని రోజులున్నా ఎవరూ ఏమనరు."

కాటాలాయన చెల్లెలి వైపు చూశాడు. కాటాకు రెండు పళ్ళేలుంటాయని, ఇరవై ఆరేళ్ళుగా తను ఒక్కదాని అడుగునే మైనం వెతుకుతున్నాడని అనిపించింది. "ఆకలేస్తోంది" అన్నాడు. ఆమె లోపలికి నడిచింది.

సాయంత్రం చెల్లెల్ని బస్సెక్కించి వచ్చేసరికి నిజం మేడంతా తెలిసిపోయింది. ఎదురింటి తలుపు మూసి ఉంది. పాలు రాలేదు. మేడలో టీవీలన్నీ ఒకదాని మీద ఒకటి పోటీపడుతూ మోగుతున్నాయి. సోమవారం మధ్యాహ్నం ఆయన మళ్ళీ స్టోరు గదిలో తూకపురాళ్ళ మధ్య డబ్బా విప్పాడు. ఆరుగురిలో ఒక్కడు, ఆఫీసరుగారి నడకను చూపించినాయన, తలుపు దగ్గర నిలబడి "మేక సంగతి నిజమేనా?" అని అడిగి, అలాగే లోపలికొచ్చి కూర్చున్నాడు. మిగతా ఐదుగురూ రాలేదు.

సాయంత్రం మెకానిక్కు పిస్టన్ తీసి వెలుతురుకు పట్టి చూపించాడు. నడిమధ్య గుండ్రటి చిల్లు. దాంట్లోంచి వీధి కనబడుతోంది. కొత్తది తెప్పించాలి, తిప్పలు పడితే ఆదివారానికి ఇవ్వగలనన్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. డ్రిల్లు మాస్టారు. "చూడండి, ఆదివారం మీరు నా బండి వెనక కూర్చోండి. ఆర్డరు. మీ బండి తయారయ్యేదాకా ప్రతి ఆదివారం ఒక్కొక్కరం మిమ్మల్ని ఎక్కించుకునేలా వంతులు వేసుకున్నాం. ఆ మేక సంగతి మా తోడల్లుడికి కూడా చెప్పాలి మీరు." ఫోన్ ఆగిపోయింది.

"ఏం సార్, ఆదివారానికి ఇచ్చేయమంటారా?" అన్నాడు మెకానిక్కు.

కాటాలాయన పిస్టన్ అందుకుని, పట్టకారు లేదు కాబట్టి రుమాలుతో పట్టుకుని, జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"తొందరపడితే ఏమవుతుందో చూశాం కదా. నిదానంగానే కానివ్వండి."